సెంటర్ ఎక్కడ పెట్టారు?

న్యూ బ్రన్స్‌విక్, న్యూజెర్సీ
ఆదివారం

వసూ,

నీ వాయిస్ మెసేజి విన్నాను. ఫోన్లో జవాబు చెబుదామంటే నాకు తెల్లారేసరికి నీకు పొద్దుగూకుతుంది, పైగా మనిద్దరం మాట్లాడుకుంటే అసలు సంగతి పక్కకుపోయి పిల్లల పెళ్ళిళ్ళ దగ్గర తేలతాం. అందుకని రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

"అంత డబ్బున్న దేశంలో, గవర్నమెంటు నడిపే పసిపిల్లల బడిలో కూడా తెల్లవాళ్ళకో లెక్క, నల్లవాళ్ళకో లెక్క ఉంటుందా?" అని అడిగావు. ఉంటుంది. కాకపోతే గేటు దగ్గర నిలబడి నువ్వు రావద్దని ఎవరూ అనరు. అప్లికేషన్ ఫారం అందరికీ ఒకటే. గది ఏ వీధిలో తీసుకున్నారు, పొద్దున ఎన్నింటికి తలుపు తీస్తారు, సాయంత్రం ఎన్నింటికి వేస్తారు, ఇంటి అడ్రసుకి ఏ కాగితం అడుగుతారు అన్న దగ్గరే అంతా తేలిపోతుంది. ఆ తర్వాత ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని లెక్కలు తీసి ఆశ్చర్యపోతారు.

ఇది నీకు నేను చెప్పాలా? నువ్వు అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా చేరిన కొత్తల్లో ఒక ఊరి సంగతి చెప్పావు. సెంటరేమో రామాలయం పక్కన, ఎస్సీ కాలనీ ఏమో చెరువు అవతల. రిజిస్టర్లో కాలనీ పిల్లల పేర్లన్నీ ఉండేవి, గుడ్లు మాత్రం ఊళ్ళోనే అయిపోయేవి. 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు 14 లక్షల సెంటర్లు పెట్టమనీ, ఎస్సీ ఎస్టీ వాడలకి ముందు ఇవ్వమనీ, ఆరేళ్ళలోపు పిల్లలు నలభై మంది ఉండీ సెంటర్ లేని చోట అడిగిన మూడు నెలల్లో పెట్టమనీ చెప్పినప్పుడు ఆ ఆర్డరు కాపీ చేతిలో పట్టుకుని తిరిగావు. ఇక్కడి కథ అర్థం చేసుకోవడానికి ఆ చెరువు గుర్తుంటే చాలు.

ఇక్కడ మన ఐసీడీఎస్ లాగా దేశంలో పిల్లలందరికీ కలిపి ఒకే పథకమంటూ లేదు. 1965లో జాన్సన్ ప్రెసిడెంటుగా ఉండగా మొదలైన హెడ్‌స్టార్ట్ ఉంది. అది వాషింగ్టన్ డబ్బుతో, బాగా పేదవాళ్ళకి. రాష్ట్రాలు పెట్టుకున్న ప్రీ-కే, అంటే కిండర్‌గార్టెన్‌కి ముందరి, బళ్ళు వేరే. జార్జియా లాటరీ ఆదాయంతో తొంభైల్లోనే నాలుగేళ్ళ వాళ్ళందరికీ పెట్టింది, ఓక్లహోమా 1998లో పెట్టింది, ఇప్పటికీ పైసా తీయని రాష్ట్రాలూ ఉన్నాయి. న్యూయార్క్ లాంటి నగరాలు మళ్ళీ సొంతంగా నడుపుతాయి. ఎవరి రూళ్ళు వాళ్ళవి. 2019లో ఎడ్యుకేషన్ ట్రస్ట్ అనే సంస్థ 26 రాష్ట్రాల లెక్కలు తీసింది. మూడు, నాలుగేళ్ళ వయసులో రాష్ట్రం డబ్బుతో నడిచే మంచి నాణ్యమైన బడిలో కూర్చున్నవాళ్ళు నల్లవాళ్ళ పిల్లల్లో 4 శాతం, లాటినో పిల్లల్లో 1 శాతం. అచ్చుతప్పేమో అనుకున్నాను. కాదు.

మా న్యూజెర్సీ మాత్రం కొంచెం వేరు, అదీ కోర్టు పుణ్యమా అని. ఇక్కడ బడి ఖర్చులో పెద్ద భాగం ఆ ఊళ్ళో ఇళ్ళ మీద కట్టే పన్ను నుంచి వస్తుంది. ఖరీదైన ఇళ్ళున్న ఊరికి మంచి బడి, లేని ఊరికి లేనట్టే. దీని మీద 1981లో ఎడ్యుకేషన్ లా సెంటర్ వాళ్ళు ఇరవై మంది పిల్లల తరఫున కేసు వేశారు. అక్షరాల వరసలో ముందున్న పేరు కామ్డెన్‌లో చదివే పన్నెండేళ్ళ కుర్రాడు రేమండ్ ఆబట్‌ది, కేసుకి ఆ పేరే స్థిరపడింది. 1998లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇంకో మెట్టెక్కింది. పేద పట్టణాల పిల్లలు ఒకటో తరగతికి వచ్చేటప్పటికే వెనకబడి ఉంటున్నారు కాబట్టి, ఆ ఊళ్ళలో మూడేళ్ళు నిండిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ బడి పెట్టి తీరాలంది. అప్పుడు 28 ఊళ్ళు, ఇప్పుడు 31. నేను పనిచేసేది అలాంటి ఊళ్ళోనే, స్కూలు డిస్ట్రిక్టుతో కాంట్రాక్టు ఉన్న ఒక ప్రైవేటు సెంటర్లో, ఫ్యామిలీ వర్కర్‌గా. పాఠాలు చెప్పను. పిల్లల్ని వెతికి తీసుకురావడం, కాగితాలు సరిచూడటం, రాని పిల్ల ఎందుకు రాలేదో కనుక్కోవడం నా పని. నీ పనే, జీపు లేదంతే.

కోర్టు బడి పెట్టమని ఊరుకోలేదు. గదికి పదిహేను మందికి మించకూడదు, డిగ్రీ చదివి పసిపిల్లల చదువులో సర్టిఫికెట్ ఉన్న టీచరుండాలి, పక్కన సహాయకురాలు ఉండాలి అంది. అప్పటికి ఈ పేటల్లో పిల్లల్ని చూసుకునే చిన్న చిన్న సెంటర్లు నడుపుతున్నది ఎక్కువగా నల్లజాతి ఆడవాళ్ళు, లాటినో ఆడవాళ్ళు. వాళ్ళని తోసేసి కొత్తవాళ్ళని దింపలేదు. ఉన్న టీచర్లనే రాష్ట్రం ఫీజు కట్టి కాలేజీకి పంపింది. వాళ్ళకి సర్కారు బడి టీచరుతో సమానమైన జీతం స్కేలు పెట్టింది. 2023 డిసెంబరులో మొదలుపెట్టి మీ అంగన్‌వాడీ వాళ్ళు 42 రోజులు సమ్మె చేస్తే ఆ గౌరవవేతనం ఎంత పెరిగిందో నువ్వే చెప్పాలి. మా ఊళ్ళోనే ఉన్న రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ళు ఈ పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు. బడికి వచ్చిన పిల్లలకీ రాని పిల్లలకీ చదువులో తేడా ఐదో తరగతిలో కూడా కనిపించింది.

బాగుంది కదా, ఇక బాధేమిటి అంటావు. న్యూ బ్రన్స్‌విక్ చివర ఆల్బనీ స్ట్రీట్ వంతెన ఉంది, కింద రారిటన్ నది. వంతెన దాటితే హైలాండ్ పార్క్, ఇంకా ముందుకు పోతే మనవాళ్ళ ఎడిసన్. మా మిడిల్‌సెక్స్ కౌంటీ నుంచి ఆ 31లో ఉన్నవి రెండే, న్యూ బ్రన్స్‌విక్, పెర్త్ ఆంబోయ్. అంటే ఆ తీర్పు వచ్చాక నది ఇవతల ఉన్న మూడేళ్ళ పిల్లకి బడి హక్కయింది. అవతల ఒడ్డున అంతే ఇరుకింట్లో, అంతే జీతం మీద బతికే వాళ్ళ పిల్లకి కాలేదు. 2008లో ఇంకొన్ని పేద ఊళ్ళకి కూడా ఇస్తామని చట్టంలో రాశారు, దాదాపు పదేళ్ళు డబ్బు మాత్రం నామమాత్రంగానే రాల్చారు. 2018లో మర్ఫీ గవర్నరయ్యాక ఏటా కొన్ని ఊళ్ళు చేరుతూ వచ్చాయి. పదేళ్ళంటే మూడేళ్ళ పిల్ల ఎనిమిదో తరగతికి వచ్చేస్తుంది వసూ.

ఎడిసన్ మాటొచ్చింది కాబట్టి మనవాళ్ళ సంగతి కూడా చెప్పనీ. మొన్నొక పుట్టినరోజు ఫంక్షన్లో మావారి కొలీగ్ ఒకాయన, మంచివాడే, బిర్యానీ ప్లేటు పట్టుకుని వచ్చి, "ట్యాక్సులు మనం కడతాం, ఫ్రీ బడి వాళ్ళకి. అయినా వాళ్ళకి చదువుల మీద శ్రద్ధ ఉండదండీ" అన్నాడు. ఆయన పాపని నెలకి పదిహేను వందల డాలర్ల పైన కట్టి మాంటిస్సోరీకి పంపుతున్నాడు, ఆ కడుపుమంట నాకు అర్థమవుతుంది. కానీ ఆయన ఇల్లు కొనేటప్పుడు ముందు చూసింది ఆ ఊరి స్కూలు రేటింగు, తర్వాతే తూర్పు ముఖం. ఆ రేటింగు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1930ల్లో ఇక్కడి ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాలకి రంగుల మ్యాపులు గీసింది. నల్లవాళ్ళున్న పేటలకి ఎరుపు రంగు వేసి అప్పులివ్వడం ప్రమాదమని రాసింది. శివారు ఊళ్ళలో తెల్లవాళ్ళకి ప్రభుత్వం హామీ ఇచ్చి మరీ ఇళ్ళ అప్పులిప్పించింది. ఇల్లు ఎక్కడుంటే పన్ను అక్కడ, పన్ను ఎక్కడుంటే బడి అక్కడ. మనం వచ్చేసరికి ఊళ్ళన్నీ అలా విడిపోయి సిద్ధంగా ఉన్నాయి, మనం చూసి చూసి మంచి వైపు దిగాం. ఇదంతా ఆయనకి చెప్పబోయాను. కేక్ కోస్తున్నారని పిలిచారు.

ఆ "శ్రద్ధ" అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. మా ఊళ్ళో ఫ్రెంచ్ స్ట్రీట్ అని ఉంది. పేరే ఫ్రెంచి, ఉండేదంతా మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు, అందులోనూ వహాకా రాష్ట్రం వాళ్ళు ఎక్కువ. తెల్లవారుజామున వెళ్తే వ్యాన్లు ఆగి ఉంటాయి, గోడౌన్లలో పెట్టెలు సర్దే పనికి మనుషుల్ని ఎక్కించుకుపోతాయి. మనం ఆన్‌లైన్లో ఆర్డరిచ్చే సరుకంతా ఆ చేతుల మీదుగానే వస్తుంది. షిఫ్టు ఆరుకో ఏడుకో మొదలవుతుంది. బడి ఎనిమిదిన్నరకి. మొదట్లో బడికి ముందూ వెనకా పిల్లల్ని చూసుకునే గంటలు కూడా ఉచితమే, తర్వాత వాటికి ఆదాయం షరతులు పెట్టారు. మూడేళ్ళ పిల్లకి స్కూలు బస్సు రాదు. తల్లి వ్యానెక్కేశాక ఆ పిల్లని బడికి ఎవరు తేవాలి? పక్కగదిలో అద్దెకున్నావిడ, ఆవిడకి జ్వరమొస్తే ఎవరూ లేరు. నా రిజిస్టర్లో అది "గైర్హాజరు" అని పడుతుంది, ఆఫీసు లెక్కల్లో "తల్లిదండ్రుల ఆసక్తి లోపం" అవుతుంది.

ఇక కాగితాలు. ఈ ఊళ్ళో ఉంటున్నట్టు రుజువుకి అద్దె అగ్రిమెంటో కరెంటు బిల్లో కావాలి. ఒక ఇంట్లో గదికో కుటుంబం ఉంటుంది, అగ్రిమెంటు ఒకడి పేరు మీదే ఉంటుంది. ఇంటి ఓనరు నోటరీ చేసిన కాగితం ఇస్తే చాలు, కానీ ఇవ్వడు. ఇంట్లో ఎంతమందిని కుక్కాడో బయటపడుతుందని భయం. ఒకావిడ చలికాలంలో కాగితం కోసం ఓనరు చుట్టూ తిరిగి తిరిగి, చివరికి పిల్లని అక్క దగ్గర వదిలేసి పనికి పోయింది. నేను, నాతోపాటు స్పానిష్ బాగా వచ్చిన అమ్మాయీ కలిసి ఓనరింటికి వెళ్ళి బతిమాలితే సంతకం పెట్టాడు, అప్పటికి సగం సంవత్సరం అయిపోయింది. శనివారాలు మేం బట్టలుతికే దుకాణాల్లో కూర్చుంటాం, లాండ్రీమ్యాట్ అంటారు, డ్రైయర్లు తిరిగే సేపు ఆడవాళ్ళు తీరిగ్గా దొరుకుతారు. బడి సంగతి చెప్పగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "క్వాంతో క్వెస్తా?", ఎంతవుతుందని. ఏమీ కాదంటే అనుమానంగా చూస్తారు. శ్రద్ధ లేనివాళ్ళు ఈ ప్రశ్న అడగరు.

శ్రద్ధ సంగతి తేల్చిన ఊరు షికాగో. 2010 తర్వాత అక్కడి స్కూలు డిపార్టుమెంటు పూర్తిరోజు ప్రీ-కే గదుల్ని నల్లవాళ్ళ పేటలకీ, బాగా పేద పేటలకీ జరిపింది. దరఖాస్తులన్నీ ఒకేచోట తీసుకోవడం మొదలుపెట్టింది. తర్వాత పరిశోధకులు చూస్తే ఆ పిల్లలు పూర్తిరోజు బడిలో చేరడం బాగా పెరిగింది. అమ్మానాన్నలు రాత్రికి రాత్రి మారిపోలేదు, గది ఇంటిదగ్గరకి వచ్చింది. అదే షికాగో 2013లో యాభై దాకా బళ్ళు మూసేసింది, ఎక్కువ ఆ పేటల్లోనే. ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో తీయడం మనకి కొత్తేం కాదు కదా.

ఇవన్నీ చదువుతుంటే నాకు మిసిసిపీ కథ దొరికింది, అది నీకు చెప్పకుండా ఉండలేను. 1965 ఎండాకాలం, హెడ్‌స్టార్ట్ మొదలైన సంవత్సరమే. మిసిసిపీలో అప్పటికి సర్కారు కిండర్‌గార్టెన్ కూడా లేదు, అది వచ్చేసరికి ఎనభైలు వచ్చేశాయి. హక్కుల ఉద్యమంలో పనిచేసినవాళ్ళు చైల్డ్ డెవలప్‌మెంట్ గ్రూప్ ఆఫ్ మిసిసిపీ అని ఒకటి పెట్టారు. డబ్బు రాష్ట్రం చేతుల్లోంచి వస్తే గవర్నరు ఆపేస్తాడు, అందుకని మేరీ హోమ్స్ అనే నల్లవాళ్ళ కాలేజీ పేరు మీద తెప్పించారు. పత్తి చేలల్లో కూలికిపోయే తల్లులే టీచర్లు. చర్చీలే బళ్ళు. 84 సెంటర్లు, దాదాపు ఆరువేల మంది పిల్లలు. చేలో వచ్చేదానికన్నా ఎక్కువ జీతం, అదీ తెల్ల దొర దయ లేకుండా. ఇంకేం, స్టెన్నిస్ అనే సెనేటరు లెక్కల్లో తేడాలంటూ విరుచుకుపడ్డాడు, నిధులు ఆగిపోయాయి. తల్లులు కొన్ని సెంటర్లు జీతాల్లేకుండా నడిపారు. 1966 ఫిబ్రవరిలో పిల్లల్ని బస్సుల్లో ఎక్కించుకుని వాషింగ్టన్ పోయారు. ఇక్కడి పార్లమెంటయిన కాంగ్రెస్ కమిటీ గదిలో బొమ్మలూ రంగులూ పరిచి అక్కడే బడి పెట్టేశారు! ఎంపీలు వచ్చి నిలబడి చూడాల్సొచ్చింది. డబ్బు మళ్ళీ వచ్చింది, తర్వాత ఆ సంవత్సరమే దాన్ని వేరే సంస్థకి మళ్ళించే పని కూడా జరిగింది, అది పెద్ద కథ. మిసిసిపీ రాష్ట్రం సొంత డబ్బుతో ప్రీ-కేకి చట్టం చేసింది 2013లో.

నన్ను పట్టుకున్నది ఆ కథలో వీరత్వం కాదు. ఆ సెంటర్లు ఎక్కడున్నాయన్నది. అవి పిల్లలున్న చోటే పుట్టాయి, ఎందుకంటే పెట్టిందీ నడిపిందీ ఆ పిల్లల తల్లులే. అందుకేనేమో ఈనాటికీ అర్హత ఉన్న పిల్లల్లో హెడ్‌స్టార్ట్ అందేది లాటినోలకన్నా నల్లవాళ్ళకే ఎక్కువ. అరవైల్లో కొట్లాడి తెచ్చుకున్న పేటల్లో సెంటర్లు నిలిచాయి. లాటినోలు చాలామంది తర్వాత వచ్చారు, జార్జియాలో కోళ్ళ ఫ్యాక్టరీల ఊళ్ళకీ, నార్త్ కరోలినాకీ, నగరాల శివార్లకీ. 2007లో చట్టం మార్చేదాకా గ్రాంటుకి గడువంటూ లేదు, ఒకసారి ఎవరికి మంజూరైతే వాళ్ళ దగ్గరే ఉండిపోయేది. మనుషులు జరిగారు, డబ్బు జరగలేదు. సీటు ఖాళీ ఒక చోట, వెయిటింగ్ లిస్టు ఇంకో చోట. న్యూయార్క్‌లో మూడేళ్ళ పిల్లల సీట్ల విషయంలో జరిగిన గొడవలోనూ ఇదే మాట వినిపించింది.

ఇంకొకటి నాలో నేనే తేల్చుకోలేకపోతున్నాను, నువ్వైతే ఏమంటావో. పిల్లలున్న చోటే సెంటర్ పెడితే అందులో ఆ చోటి పిల్లలే ఉంటారు. మా గదిలో పదిహేను మందిలో ఒకరిద్దరు తప్ప అంతా స్పానిష్ మాట్లాడేవాళ్ళే. ఆ బిర్యానీ ప్లేటాయన పాప వెళ్ళే మాంటిస్సోరీలో అంతా మన పిల్లలే, సంక్రాంతికి భోగిపళ్ళు కూడా పోస్తారు. 2019లో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు లెక్కగట్టి చెప్పారు, పెద్ద బళ్ళకన్నా ఈ పసిపిల్లల బళ్ళలోనే జాతుల వారీ విడిపోవడం ఎక్కువని. పెద్ద బళ్ళ మీద 2018లో మా రాష్ట్రంలో కేసు కూడా పడింది, 2023లో జడ్జిగారు విడిపోయిన మాట నిజమే కానీ రాష్ట్రమంతటా అని రుజువు కాలేదన్నట్టు తీర్పిచ్చారు. కలిసి కూర్చోవాలన్నది నాకూ ఇష్టమే. కానీ కలవాలంటే ఎవరో ఒకరు దూరం నడవాలి, ఆ నడక ఎప్పుడూ మా ఫ్రెంచ్ స్ట్రీట్ పిల్లలకే పడుతుంది. అందుకని ఇవాళ్టికి నా ఓటు దగ్గరి గదికే. నువ్వు ఆ ఊళ్ళో కాలనీకి వేరే సెంటర్ అడిగినప్పుడు, "విడదీస్తున్నావు" అని మీ ఆఫీసులోనే ఒకరన్నారని చెప్పావు కదా, అప్పుడు నువ్వేం జవాబిచ్చావో రాయి, నాకు పనికొస్తుంది.

2025 జూలైలో, ఇమిగ్రేషన్ కాగితాల్లేనివాళ్ళకి హెడ్‌స్టార్ట్ ఇవ్వకూడదని వాషింగ్టన్ నుంచి నోటీసు వచ్చింది. సెప్టెంబరులో కోర్టులు ఆపాయి. మాది రాష్ట్రం డబ్బు, మాకు వర్తించదు. ఆ ముక్క లాండ్రీమ్యాట్‌లో ఎవరికని చెప్పను? ఫోన్ నంబరు అడిగితే ఇవ్వడానికి వెనకాడుతున్నారు.

ఇప్పుడు నీతో పని. ఇక్కడ ఏ ఇంట్లో మూడేళ్ళ పిల్ల ఉందో ఎవరి దగ్గరా జాబితా లేదు. తల్లి మా తలుపు తడితేనే ఆ పిల్ల ఉన్నట్టు మాకు తెలుస్తుంది. మీ టీచరమ్మ ఇల్లిల్లూ తిరిగి, కడుపుతో ఉన్నావిడ దగ్గర్నుంచి ఆరేళ్ళ పిల్ల దాకా రాసుకొచ్చే సర్వే రిజిస్టరు సంగతి మా డైరెక్టరుకి చెబితే నమ్మలేదు, అంతా ఒకే మనిషి ఎలా చేస్తుందని. ఖాళీ పేజీ ఒకటి ఫోటో తీసి పంపు. పిల్లల పేర్లున్నది వద్దు. ఏ గడిలో ఏం రాస్తారో పక్కన నీ చేత్తో రాసి పంపు. మా ఊళ్ళో నాలుగు వీధులకైనా అలాంటిది చేసి చూద్దామని ఉంది. పేరూ, దేశమూ అడగకుండా, ఇంటికి ఎంతమంది పిల్లలు, ఎంత వయసు, పొద్దున ఎవరు దిగబెట్టగలరు అన్నవరకే. అలా అడిగితే తలుపు తీస్తారా, నీ అనుభవంలో?

బావగారికి షుగర్ తగ్గిందా? చిన్నదానికి నా ముద్దులు. త్వరగా రాయి.

నీ
సరళ